దిగే విద్య

విఘ్నేష్ హోసూరంతా గాలించి, కొండదారుల్లో తొక్కే తన సైకిలుకు చవకైన, తేలికైన పెడళ్లు కొన్నాడు. బూటు అడుగున ఉన్న బిళ్ల వాటిలో టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితేనే ఊడుతుంది. ఆ తిప్పడం అలవాటయ్యేలోపు మూడుసార్లు పడ్డాడు.

పోయిన వారం కొండ గుడి ముందర అతని కొత్త చెప్పులు పోయాయి. ఈసారి బూట్లను పెడళ్లకే తగిలించి వదిలేసి, 'ఎవుడు ఎత్తుకుపోతాడో చూస్తా' అనుకుంటూ లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి సైకిలే లేదు.

పరుగెత్తాడు. మలుపులో దొంగ ఆ బూట్లు బిగించుకుని, కాలు కింద పెట్టబోయి, సైకిలుతో సహా పడి గింజుకుంటున్నాడు.

విఘ్నేష్ తీరిగ్గా పక్కన కూర్చున్నాడు. "పెడళ్లు ఎట్లుండాయప్పా?"

దొంగ మూలిగాడు. "ఎక్కేదానికి తేలికేనన్నా. దిగేదానికే దోవ కనపడలేదు."