దండ వేసిన సిలిండరు

నేను ఒక ఆక్సిజన్ సిలిండరును. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ, మనిషి పక్కన నిలబడితే ఇంచుమించు భుజం దాకా వస్తాను. బరువంతా ఉక్కుది. లోపలున్న సరుకు మాత్రం గాలి. ఆ గాలి కోసమే మీ ప్రాణాలు కొట్టుకుంటాయి కాబట్టి, నా కథ కాస్త కోపంగా చెబితే ఓర్చుకోండి. ఓర్చుకోకపోయినా చెబుతాను.

అతుకు లేని ఉక్కు గొట్టాన్ని ఎర్రగా కాల్చి, గిర్రున తిప్పుతూ, మెడ నొక్కి నన్ను తయారుచేశారు. నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే ఎక్కడా చెమర్చలేదు. మేస్త్రీ నా వీపు చరిచి, "గట్టిపిండంరా ఇది" అన్నాడు. అక్కణ్ణించి పట్నంలో ఒక పెద్దాసుపత్రికి చేరాను. ఎన్నిసార్లు ఖాళీ అయ్యానో, ఎన్నిసార్లు నిండానో! నా నోటికి రెగ్యులేటరని ఒక ఇత్తడి పరికరం బిగించేవారు. నా ఒత్తిడికి ముకుతాడు వేసి, మనిషి ముక్కుకు సరిపడా సన్నగా గాలి వదిలేది అదే. అది లేకుండా నన్ను విప్పితే వచ్చేది ఊపిరి కాదు, దెబ్బ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. చదువుకున్నవాళ్ళకు గుర్తుండని ముక్క ఇదే.

పట్నంలో వాళ్ళు గోడలోంచే గాలి వచ్చే ఏర్పాటు చేసుకుని నన్ను అమ్మేశారు. గ్యాసు వ్యాపారి నాకు కొత్త రంగు పూసి, మళ్ళీ నింపి, చెంచురామయ్య గారికి అంటగట్టాడు. ఆయనకు నల్లమల అంచున బోడికొండపల్లెలో పలకరాయి గనులున్నాయి. పిల్లలు దిద్దుకునే పలకలు అక్కడ కోస్తారు. కోసేటప్పుడు లేచే దుమ్ము కోసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. నీళ్ళు చల్లుతూ కోస్తే దుమ్ము లేవదు. కానీ నీళ్ళకు మోటారు పెట్టాలి, పైపులు వేయాలి. సిలిండరుకైతే దండ వేస్తే చాలు, ఫొటో బాగా వస్తుంది.

వేశారు కూడా. ఊరి ఆసుపత్రి వరండాలో నాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. నా పొట్ట మీద దాత పేరు జానెడు అక్షరాలతో రాయించారు. చప్పట్లు ఆగాక నర్సు సువార్త అడిగింది, "రెగ్యులేటరేదండీ?" అని.

"అది గవర్నమెంటోళ్ళు ఇస్తార్లేమ్మా. అన్నీ నేనే ఇయ్యాల్నా?" అన్నాడు చెంచురామయ్య గారు.

గవర్నమెంటువాళ్ళేమో దాత ఇచ్చిన వస్తువుకు సామాను దాతే ఇవ్వాలన్నారు. ఏనుగునిచ్చి అంకుశం దాచినట్టు అంటారు చూడండి, అచ్చం అదే. వారానికొక్క రోజు వచ్చే డాక్టరు గారు తల పంకించి ఊరుకున్నారు. సువార్త మాత్రం ప్రతి మీటింగులోనూ అడిగేది. "చూద్దాం సిస్టర్" అనేవారు. చూస్తూనే ఉన్నారు. అటెండరు మస్తాన్‌వలి నా మెడకు తువ్వాలు ఆరేసుకునేవాడు. పై ఆఫీసు కంప్యూటర్లో మాత్రం బోడికొండపల్లెలో ఆక్సిజన్ ఉందని ఎక్కింది.

ఒక శుక్రవారం పట్టపగలు తిరుపాలును తీసుకొచ్చింది అతని భార్య పిచ్చమ్మ. పలకల కోతలో ఒళ్ళు అరగదీసుకున్న మనిషి. నలభై దాటాయో లేదో, అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నాడు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పడుకోబెడితే ఊపిరి అసలే ఆడటం లేదు. కూర్చోబెడదామంటే ఆనుకోడానికి ఏమీ లేక, పిచ్చమ్మ అతన్ని తెచ్చి నాకే ఆనించింది.

సువార్త ఉన్న ఇంజక్షను చేసింది. మస్తాన్‌వలిని ఆటో కోసం తరిమింది. అంబులెన్సుకు ఫోను చేసింది. అవతలి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"మీ దగ్గర ఆక్సిజన్ ఉన్నట్టు చూపిస్తోందమ్మా. ముందు అది పెట్టండి. అది లేని ఊరికి బండి పంపించాం. తిరిగొచ్చాక మీకు పంపిస్తాం."

"సిలిండరుంది సార్, పెట్టేదానికి..."

"ఉంది కదమ్మా మరి!"

ఫోను పెట్టేశాడు. అప్పుడు అర్థమైంది నాకు. నేను లేకపోయి ఉంటే బండి వచ్చేది. ఉండటం వల్ల రాలేదు. పుట్టి ఇన్నేళ్ళలో నా మీద నాకే అసహ్యం వేసిన రోజది.

పిచ్చమ్మ నా తల మీది మరను పట్టుకుని తిప్పబోయింది. "దీంట్లో గాలుందంట గదమ్మా! ఇప్పు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా!"

"వద్దు పిచ్చమ్మా! ఇట్టా ఇప్పితే రొమ్ము పగిలిపోద్ది. దీనికి బిగించేది ఒకటుండాల. అది ఇయ్యలేదే మనకి!" సువార్త ఏడుస్తూనే ఆమె చేతులు విడదీసింది.

తిరుపాలు వీపు నాకు ఆనుకునే ఉంది. అతని ఎముకలు ఎగిరెగిరి పడటం నా ఉక్కుకు తెలుస్తోంది. లోపల నేను నిండుగా ఉన్నాను. మధ్యలో ఉన్నది వేలెడు మందం కూడా లేని నా గోడ. కాసేపటికి ఎగరటం ఆగింది. బయట ఆటో వచ్చి ఆగింది.

మర్నాడు చెంచురామయ్య గారు శవం మీద పెద్ద దండ వేసి, "బంగారం లాంటి పనోడు" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చేరెడు. బతికుండగా ఆ పనోడి ముక్కుకు ఒక గుడ్డముక్కయినా ఇచ్చిన పాపాన పోలేదు. విచారణకు వచ్చిన అధికారి నన్ను తట్టి చూసి, ఆక్సిజన్ సదుపాయం ఉన్నా రోగిని ఆలస్యంగా తెచ్చారని తేల్చాడు.

"సదుపాయం ఎక్కడుంది సార్? ఇనప దుంగ ఉంది!" అని అరిచింది సువార్త. ఆమెకు బదిలీ అయింది. నాకు మాత్రం కాలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒత్తిడి పరీక్ష గడువు దాటిందని నన్ను పాత ఇనుము కింద వేలం వేశారు. ఈ ఉదయం పాతసామాన్ల కొట్టతను కోసే ముందు నా మర విప్పాడు. బుస్సుమని గాలి లేచేసరికి అదిరిపడి వెనక్కి గెంతాడు.

"నిండుగుందిరోయ్! ఒక్కరు గూడా వాడలేదు!" అని కేక పెట్టాడు.

వీధి కుక్క మొరిగింది. పక్కనున్న చిత్తుకాగితాలు ఎగిరిపోయాయి. అతను నడుం మీద చేతులు పెట్టుకుని, నేను ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. చాలాసేపు పట్టింది. అంత గాలి ఉంది నాలో.