తాళంచెవి తిప్పిన చెయ్యి

ఆ పొద్దున సంధ్యారాణికి కోపం లేనిది ఒక్కదాని మీదే: షెడ్డులో స్టాండుకు బిగించిన పాత విమానం ఇంజన్ మీద. మిగతా లోకమంతటి మీదా ఒళ్ళు మండిపోతోంది. బందుల వల్ల విమానం మెకానిక్ కోర్సు ప్రాక్టికల్ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఇవాళ పాస్ కాకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకు కూర్చున్న పిల్లే. కానీ ప్రతి బందూ తన పరీక్ష రోజే చూసుకుని వస్తుంటే ఎవరికి మండదు?

ఇవాళా బందే. అయినా పరీక్ష పెట్టే భానుమూర్తి సార్ దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్ వెనక గేటు తెరిచి, "చప్పుడు చెయ్యకుండా కానిచ్చేద్దామమ్మా" అన్నాడు. విమానం ఇంజన్ని చప్పుడు చెయ్యకుండా నడపడమట! ఆయన తెలివికి దండం పెట్టాలి.

ఇంజన్ అందుకుంది. పరీక్ష చిన్నదే. ఎర్ర నాబ్‌ను మెల్లగా వెనక్కి లాగాలి. లాగేకొద్దీ గాలిలో కలిసే పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ వేగం చూపే ముల్లు కాస్త పైకి లేచి, ఆ తర్వాత పడిపోయి, ఇంజన్ ఆగాలి. ముల్లు ఎంత లేచిందో చూసి పెట్రోలు పాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పాలి. ఈ ఇంజన్ని ఆపడం కూడా ఆ నాబ్‌తోనే. "తాళంచెవితో ఆపితే సిలిండర్లలో పెట్రోలు మిగిలిపోతుంది. ఆ వేడి మీద ఎవరైనా ముందున్న ప్రొపెల్లర్ రెక్క తిప్పితే ఇంజన్ తన్నుతుంది" అని సార్ మొదటి రోజు నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

ఆమె నాబ్ మీద చెయ్యి వేసిందో లేదో, గేటు దబదబలాడింది. సార్ హడలిపోయి తీశాడు. జెండా పట్టుకుని ముందు నిలబడినవాడు ఆమె అన్న సాయికుమార్. వెనక వాడి దోస్తులు.

"బందు రోజు గీ ఇంజన్ ఏంది? నా చెల్లెవై నా ఇజ్జత్ తీస్తవా? బంద్ చెయ్!"

వాళ్ళ నాన్న మట్టయ్య ఆటో నడుపుతాడు. చిన్నప్పటి నుంచి ఆ ఆటో తాళం తిప్పుతూ పెరిగిన చెయ్యి ఆమెది. "చేసిన, తీస్కో!" అని అరుస్తూ తాళంచెవి తిప్పేసింది. ఎర్ర నాబ్ ఉన్నచోటే ఉండిపోయింది.

ఇంజన్ ఆగగానే సాయికుమార్ గెలిచినట్టు నవ్వాడు. దాని ముందు రెక్కకు జెండా కడదామని, కర్ర చంకలో పెట్టుకుని, రెక్కను పట్టి కిందికి లాగాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఒక్క ఉదుటున వెళ్ళి అన్న కాలర్ పట్టి వెనక్కి ఈడ్చింది. ఇంజన్ ధన్‌మని తన్నింది. రెక్క గిర్రున తిరిగి, చంకలోంచి జారిన జెండా కర్రను రెండు ముక్కలు చేసి ఆగింది.

సాయికుమార్ తన చేతులకేసి చూసుకున్నాడు. రెండూ ఉన్నాయి.

"చేతులు పోతుండె గదనే అన్నా!" ఆమె వాడి గుండెల మీద గుద్దింది. కోపం వాడి మీదో తన మీదో ఆమెకే తెలియలేదు. ఏడుపు ఆగలేదు.

"పోన్లేమ్మా" అన్నాడు భానుమూర్తి. "బందు వల్ల పరీక్ష జరగలేదని రాసేస్తాను. ఇంకోసారి పెట్టిస్తారు, ఏడాది పోదు."

"అట్లనే రాయుండ్రి సార్" అన్నాడు సాయికుమార్. "నేనే ఆపిన."

సంధ్యారాణి కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ఎర్ర నాబ్‌ను చివరిదాకా వెనక్కి లాగింది. ముల్లు కదల్లేదు.

"ఫెయిలని రాయుండ్రి సార్" అంది. "తాళంచెవి తిప్పింది నేను. బందు అని మాత్రం రాయొద్దు."