రెండో సంతకం

తన మొగుడు గంజాయి కేసులో జైల్లో ఉన్నాడని నలుగురికీ తెలిసిపోవడం, అదే సంజీవమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం. వీధి మొగలో తుపాకులు పట్టుకుని నిలబడ్డ ఇరాకీ సైనికులు దాని తర్వాతే.

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగానే, వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి పారిపోయాక, జహ్రాలో వాళ్ళింట్లో వంట చేసే సంజీవమ్మ సబా అల్ సలేంలోని ఒక బడికి చేరింది. అక్కడ తెలుగువాళ్ళందరూ ఒకే పొయ్యి మీద వండుకుంటూ, దేశం దాటించే బస్సు కోసం కాచుకున్నారు. మీ ఆయనేం చేస్తాడని అడిగినవాళ్ళకు మేస్త్రీ పని అని చెప్పింది. నిజం దిల్షాద్ బీ ఒక్కదానికే తెలుసు. ఇద్దరిదీ కడప దగ్గర ఒకే ఊరు. పసుపు చేలో నడుమ నడుమ వేసుకున్న గంజాయి మొక్కలకు ఇద్దరి మొగుళ్ళనూ ఒకే రోజు పట్టుకుపోయారు.

ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నాడనీ, అర్జీలు రాసిస్తే తీసుకుపోతాడనీ కబురొచ్చింది. కంపెనీలో గుమాస్తాగా చేసిన గంగాధర్ కాగితాలు ముందేసుకు కూర్చున్నాడు.

"సార్, నాదీ ఒకటి రాయండి," అంది దిల్షాద్ బీ. "నాలుగు మొక్కలేసుకున్న రైతుకూ, లారీలకు లారీలు తోలే షావుకారికీ ఒకటే చట్టమంటే ఎట్ల? మావోళ్ళు జైల్లో ఉండారు, సరుకు కొన్నోడు కార్లో తిరుగుతాండాడు. చట్టం జేసేటప్పుడు మాయట్లాటోళ్ళను గూడా అడగమని రాయండి."

కోనసీమ సూరిబాబు పకపకా నవ్వాడు. "బాగుందండోయ్! ఇయ్యాల గంజాయోళ్ళు, రేపు సారా కాసేవోళ్ళు వత్తారు. మన సంజీవమ్మగారిని చూడండి, గంజాయి వనంలో తులసిమొక్కలాగ ఎంత మర్యాదగా ఉన్నారో!"

"నవ్వుకో నాయనా. ఊర్లో తాసిల్దారు గూడా మన మొగం సూడడు. ఇప్పుడు ఢిల్లీనే మనకాడికొస్తాంది. ఇంకెప్పుడు సెప్పుకునేది?"

గంగాధర్ కలం ఆపాడు. "ఒక్కరి గోడంటే పక్కన పడేస్తారమ్మా. ఇదే బాధ పడే ఇంకొకరు సంతకం పెడితే రైతుల మాటవుతుంది."

దిల్షాద్ బీ సంజీవమ్మ వైపు చూసింది. పేరెత్తలేదు. సంజీవమ్మ తల ఎత్తలేదు. చపాతీ పిండి ఎప్పుడో మెత్తబడినా పిసుకుతూనే ఉంది. ఊళ్ళో అమ్మ దగ్గర వదిలొచ్చిన పసిదాన్ని రేపు గంజాయోడి కూతురంటారు. ఆ తలపు నోరు కట్టేసింది.

"సబ్హాన్ గోదాముల్లో మద్దిలేటి ఉండాడు. వాళ్ళన్నదీ ఇదే కేసు. పిల్చకొస్తా," అని కొంగు కప్పుకుని దిల్షాద్ బీ బయటికి నడిచింది.

దావలో సైనికులుండారక్కా, పోవద్దు. ఆ మాట సంజీవమ్మ నాలుక చివర దాకా వచ్చింది. అంటే, 'అయితే నువ్వే పెట్టు' అంటుందేమోనని మింగేసింది.

మరునాడు బస్సొచ్చింది. దిల్షాద్ బీ రాలేదు. బస్సు కదిలాక సంజీవమ్మ లేచి, తూలుకుంటూ గంగాధర్ సీటు దగ్గరికి పోయింది. సూరిబాబు వింటున్నాడని తెలిసీ చెప్పింది.

"సార్, నా మొగునిదీ అదే కేసు. నా సంతకం పెట్టించుకోండి."

గంగాధర్ అర్జీ తీసి, దిల్షాద్ బీ సంతకం ఇంకా పడని చోటు చూపించాడు. "ఆమె లేకుండా మళ్ళీ ఒక్కరే గదమ్మా."

కువైట్‌లో ఇంకా మిగిలిన మనవాళ్ళెవరైనా ఇది చదివితే, సబ్హాన్ గోదాముల్లో వాకబు చేయండి. మనిషి పొట్టి, ఎడమ చెంప మీద మచ్చ, పేరు దిల్షాద్ బీ. ఎట్లుందో ఒకసారి చూసి రండి.