సబీనా ఓటు

ఫెస్టీ పడవ ఇంజనులో డీజిల్ పోసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, తాడు ముడి మరోసారి లాగి చూశాడు. నలభై ఏళ్లుగా దీవికి పిండి బస్తాలూ, గొర్రెలూ, శవపేటికలూ చేరవేస్తున్న మనిషి. ఈ రోజు ఓట్ల పెట్టె. యూరప్ పార్లమెంటుకు ఐర్లండ్‌లో ఈ వాయవ్య భాగమంతా కలిపి ఒకే నియోజకవర్గం. అంత జనంలో ఈ దీవి ఓట్లు పిడికెడు.

మధ్యాహ్నానికి పడమటి గాలి లేచింది. బడిగదిలో పోలింగు జరిపిస్తున్న ఆఫీసరు డెర్వ్లా రేవుకు పరుగున వచ్చింది.

"సబీనా తప్ప అందరూ వేసేశారు ఫెస్టీ. ఈ అలలేమిటి ఇలా లేస్తున్నాయి! ఇక బయల్దేరుదామా?"

"ఆగమ్మా, వస్తుంది. ఆ తుంటినొప్పితో కొండ దిగాలి కదా."

"మీ పార్టీయేనా ఆవిడ?"

ఫెస్టీ పకపకా నవ్వాడు. "నేను చేపలవాళ్ల తరఫు మనిషికి వేశాను. అది పక్షుల్ని కాపాడతానన్నవాడికి వేస్తుంది. నా ఓటుకు విరుగుడు వెయ్యడానికే వస్తోంది ముసల్ది!"

"మరెందుకు ఆగడం?"

"దానికీ ఓటుంది కదమ్మా."

అని ఊరుకోలేదు, కొండదారి పట్టాడు. రెండుచోట్ల ఆగి ఛాతీ రుద్దుకున్నాడు.

"నిన్నెవరు రమ్మన్నార్రా?" అంది సబీనా, అతని చెయ్యి పట్టుకుంటూనే.

"నువ్వు పడితే నీ పక్షులు నన్ను పొడుస్తాయి."

బడిగదిలో బ్యాలెట్ విప్పి, "నా ఏప్రాన్ కంటే పొడుగుందే!" అని గొణుక్కుంటూ సబీనా అభ్యర్థుల పేర్ల పక్కన తన ఇష్టం వరసలో ఒకటి, రెండు, మూడని తీరిగ్గా అంకెలు వేసింది.

పెట్టెతో సముద్రం దాటేటప్పుడు నీళ్లు పడవలోకి విరుచుకుపడ్డాయి. ఫెస్టీ తన పసుపు వానకోటు విప్పి పెట్టెకు చుట్టాడు.

"నువ్వు తడిసిపోతున్నావు!" అని అరిచింది డెర్వ్లా.

"నేను ఆరతాను. కాగితాలు పాడైతే మళ్లీ రావు."

అవతలి ఒడ్డున పోలీసులు పెట్టెను కారెక్కించారు. "మీరు పదండి, కాస్త కూర్చుంటాను" అని ఫెస్టీ రేవుగోడకు చేరగిలబడ్డాడు. కృతజ్ఞతలు చెబుదామని డెర్వ్లా వెనక్కి వచ్చేసరికి అతని కళ్లు దీవివైపే తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

లెక్కింపు రోజున క్యాసిల్‌బార్ పట్టణంలోని హాల్లో ఆ పెట్టె తెరిచారు. ఒక్క కాగితమూ తడవలేదు. అతని ఓటూ ఆమె ఓటూ వేరే వేరే కట్టల్లోకి వెళ్లాయి. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. పెట్టెతోపాటే వచ్చి, గోడవారన కుర్చీకి వేలాడుతున్న పసుపు కోటు మడతల్లో సముద్రపు ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.