ఎనుములకు పోసిన గంజి

గుడ్డసంచి అడుగున రాగిపిండి మూట పెట్టింది అలివేలమ్మ. దాని మీద నాలుగు పడుల దంపుడు బియ్యం, ఒక పడి ఉలవలు, నువ్వులుండల డబ్బా, నీడలో ఎండబెట్టిన మునగాకు. సందుల్లో మనవరాలి గుడ్డలు కుక్కింది. మూతి బిగించబోతుంటే కూతురు ప్రసూనాంబ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిండీ బియ్యమూ తీసెయ్యి అమా. ఆడ నవ్వుతారు."

"ఎవరు నవ్వేది? నవ్వేవాళ్ళకు పళ్ళు లేవా, పని లేదా?"

"సంగటి కూలోళ్ళ తిండి అంటుంది మా అత్త. నేను రాగిపిండి మోసుకోని పోతే, వాళ్ళింట్లో వరి లేదని ఊరికి చాటినట్టు ఉంటాది."

అలివేలమ్మకు ఒళ్ళు మండింది. ఐదు నెలలుగా ఈ పిల్ల ఈ సంగటి తినే కదా లేచి నిలబడింది! కాన్పు చేసిన మంత్రసాని సంతోషమ్మ, మిషను ఆసుపత్రిలో పని నేర్చిన మనిషి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వడ్ల సత్తువంతా పైపొట్టులో, తవుడులో ఉంటుంది. మిల్లులో తెల్లగా గీయించి, నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చేస్తే మిగిలేది పిప్పి. పాలిచ్చే తల్లికి పప్పూ ఆకుకూరా తప్పకూడదు. ఆ మాటలు అలివేలమ్మకు కొత్తగా అనిపించలేదు. ఆమె తల్లి ఎవరి దగ్గరా నేర్వకుండానే అట్లా వండింది.

"సంతోషమ్మ చెప్పింది ఇనలేదా నువ్వు?"

"ఇన్నాను. ఆయమ్మ వచ్చి మా అత్తతో కాపురం చేస్తుందా?"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళే ఆడపిల్లను ఏడిపించి పంపకూడదు. అలివేలమ్మ మూటలు రెండూ తీసి ఠపీమని నేల మీద పెట్టింది. ఉలవలు కూడా తీసింది. వడమాలపేట రోడ్డు మీద యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుపుతున్న బస్సు పొగ కక్కుతూ ఆగితే, బిడ్డను కూతురి ఒళ్ళో పెట్టి, "వేళకు తినుమే" అని మాత్రం అంది. ఇంటికి వచ్చి ఆ రాగిపిండి మూటను చూసి తనను తానే తిట్టుకుంది. ఏడిస్తే ఏడ్చిందని మూటలు పెట్టే పంపాల్సింది.

మూడు నెలలకు పలమనేరు నుంచి అల్లుడు జయరామయ్య రాసిన కార్డు వచ్చింది. ప్రసూనకు అరికాళ్ళు తిమ్మిర్లు అంటున్నదట, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నదట, దిష్టి తీయించారట. అలివేలమ్మ కార్డు రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. తెల్లవారి మొదటి బస్సెక్కి చిత్తూరులో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి, గురువారం మధ్యాహ్నానికి పలమనేరు చేరింది.

వియ్యపురాలు చౌడేశ్వరమ్మ కొట్టంలో ఉంది. మూడు పాడి ఎనుములు, నల్లగా, నిగనిగలాడుతూ కట్టుగొయ్యల దగ్గర నిలబడి ఉన్నాయి. పెద్ద కుండలో ఉలవలు ఉడికి ఉన్నాయి. అందులో తవుడు కలిపి, ఇంట్లో వార్చిన గంజి తెచ్చి పోసింది చౌడేశ్వరమ్మ. కలిపే ముందు పైన తేరిన ఉలవకట్టు ఒక చెంబుడు ముంచుకుని, ఉప్పు వేసుకుని గటగటా తాగింది.

"రా వదినా, రా! చెప్పకుండా వచ్చినావే! కాళ్ళు కడుక్కో."

ఆమె యాభై ఐదేళ్ళ మనిషి. చెయ్యి చూస్తే రోకలిలా ఉంది. లోపల గోడకు ఆనుకుని కూర్చున్న ప్రసూన తల్లిని చూసి లేవబోయి లేవలేక, చేతులు నేలకు ఆనించి మళ్ళీ కూలబడింది. ముఖం ఉబ్బింది. అలివేలమ్మ కూతురి కాలు ఒళ్ళోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట గుంటగానే ఉంది.

"ఏం తింటా ఉండావే?"

"అన్నమే అమా. చారు. నెయ్యి ఒక చుక్క."

"పప్పు?"

"పప్పు వాయువు చేస్తాదంట. ఆకు తింటే బిడ్డకు విరేచనాలంట. బిడ్డ పాలు మరిచేదాకా ఈడ పథ్యమే."

వంటింట్లో అన్నం గిన్నె మూత తీసి చూసింది అలివేలమ్మ. మల్లెపూలు ఆరబోసినట్టుంది. గింజకు గింజ అంటడం లేదు. గిన్నె అట్లాగే ఎత్తుకుని కొట్టంలోకి నడిచింది.

"వదినా! మారాజులాంటి మర్యాద చేస్తా ఉండావు నీ ఎనుములకు! తవుడు వాటికి, గంజి వాటికి, ఉలవలు వాటికి. ఈ పిప్పి నా బిడ్డకా? నీ కొట్టంలో కట్టేసి ఉంటే నా కూతురు బతికి బట్టకట్టేది!"

చౌడేశ్వరమ్మ చేతిలోని చెంబు వదిలేసింది.

"నోరు తిరిగింది గదా అని ఏమైనా అంటావా? మా అత్త నాకు ఇరవై ఏండ్లు ఒక్క పూట తెల్లన్నం పెట్టలేదు. పండగనాడు గూడా మొగోళ్ళు తినంగా అడుగంటింది గీక్కున్నా. నా కోడలికి ఆ గతి రాకూడదని మిల్లోడికి చెప్పి రెండు మార్లు పాలిష్ పట్టిస్తా ఉండా. ఇంకేం పెట్టమంటావు, బంగారమా?"

"మరి నువ్వేం తాగినావు ఇప్పుడు కుండలోనించి?"

"నాది పాతనోరు. ముసిల్దాన్ని, ఎవరు సూడొచ్చినారు? నా కోడలు జయరామయ్య పెండ్లాము. ఎనుముల తిండి దానికి పెడితే ఊరు నా మొకాన ఉమ్మదా?"

అలివేలమ్మ తిట్టడానికే ఇంత దూరం వచ్చింది. కడుపు మాడ్చే అత్తైతే జుట్టు పట్టుకునేది. ఈమె ప్రేమగానే పెట్టింది, ఉన్నదాంట్లో తెల్లనిది ఏరి మరీ పెట్టింది. ఆ ప్రేమను ఏం చేయాలో తెలియక కోపం ఇంకా ఎక్కువైంది. అన్నం గిన్నె ఎనుముల తొట్టిలో బోర్లించింది.

"బిడ్డను తీసుకోని పోతా ఉండా. చిత్తూరు ఆసుపత్రిలో చూపిచ్చి మా ఇంటికి తీసుకపోతా. ఇప్పుడే."

జయరామయ్య అప్పుడే పొలం నుంచి వచ్చాడు. ఎదురు చెప్పలేదు. "ఐదు గంటల బస్సుండాది అత్తా. ప్రసూనను నేను ఎత్తుకోని వస్తా," అన్నాడు.

"దీపాలు పెట్టే వేళకు ఇంటి ఆడదాన్ని గడప దాటిస్తావారా?" అంది చౌడేశ్వరమ్మ. "రేపు సుక్కురారం. ఏ తల్లైనా సుక్కురారం పంపుతుందా? శనివారం తెల్లారి పోండి. నేను అడ్డమొస్తే నా చెప్పు తీసుకోని కొట్టు వదినా."

అలివేలమ్మ తల్లి శుక్రవారం ఆడపిల్లను పంపలేదు. అలివేలమ్మా పంపలేదు. నలభై ఏళ్ళుగా ఆమె నోట వచ్చిన మాటే ఇది. సరే, ఒక్క రోజే కదా అనుకుంది. ఈ ఒక్క రోజూ తన చేత్తో వండి పెడతాననుకుంది. జయరామయ్య భుజం మీది కండువా తీసి దండెం మీద వేసేశాడు.

ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అడగలేదు. పెరట్లో మునగాకు దూసి పప్పులో వేసింది. ఎనుములకు మళ్ళీ ఉడకేసిన కుండలో నుంచే ఉలవకట్టు ముంచి చింతపండు పిండి కాచింది. పొరుగింటి నుంచి రాగిపిండి అడుక్కొచ్చి సంగటి కెలికింది. చౌడేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది; తర్వాత తనే వెన్న తెచ్చి ముద్ద మీద పెట్టింది. ప్రసూన రెండు ముద్దలు తిని, "బాగుండాది అమా. మూడు నెలలుగా ఇదే కలలోకి వస్తా ఉన్నింది," అంది.

"అడిగి చావలేకపోయినావా?"

"ఎట్లడిగేది? అందరికన్నా మంచిది నాకే పెడతా ఉంటే!"

పొద్దున్నే కొట్టంలో పాలు పితుకుతున్న చప్పుడు వినబడుతుండగా బిడ్డ ఏడ్చింది. ప్రసూన పక్కకు ఒరిగి బిడ్డను అందుకోబోయింది. గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉందంది. ఊపిరి ఆడడం లేదంది. అలివేలమ్మ వీపు నిమురుతూ జయరామయ్యను కేకేసింది. అతను వచ్చి, భార్యను రెండు చేతుల మీదా ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. బస్సు నిలిచే చోటి దాకా పోలేదు. నాలుగిళ్ళు దాటేసరికి చేతుల మీద ప్రసూన తల వాలిపోయింది; ఆగిపోయాడు.

మధ్యాహ్నం పాడె ఎత్తుతుంటే అలివేలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడెట్లా దాటిస్తా ఉండారు గడప? ఈ పొద్దు సుక్కురారం కాదా? చెప్పు వదినా, కాదా?" అని అరిచింది. చౌడేశ్వరమ్మ తల కొట్టుకుంటోంది. ఆ కేక వియ్యపురాలి మీద కాదని, నిన్న ఐదు గంటలకు నోరు మూసుకున్న తన మీదేనని ఎవరికీ చెప్పలేదు అలివేలమ్మ.

పదకొండో నాడు కర్మ అయ్యాక బిడ్డను చంకనేసుకుని ఒక్కతే బస్సెక్కింది.

ప్రసూనాంబ తిరిగి వడమాలపేటకు రాలేదు. 1945 నవంబరు 23, శుక్రవారం, ఉదయం ఏడు గంటలకు పలమనేరులో చనిపోయింది. ఆమెకు పంతొమ్మిదేళ్ళు.