ఎర్ర బిళ్లలు తిన్న పొట్టేలు

1986 ఫిబ్రవరి ఎనిమిదో తేదీ, శనివారం, సాయంత్రం నాలుగున్నర. దర్శి దగ్గరి ఊళ్లో, ఇంటి పక్క కల్లంలో ఎలీసమ్మ మిరపకాయలు తిరగేస్తోంది. మాంసం కొట్టు అలీ సాహెబ్ వచ్చి, రేపటి పొట్టేలు మీద ఒకసారి చెయ్యి వేసి చెప్పమన్నాడు.

ఎలీసమ్మ అరచెయ్యి పక్కటెముకల మీద ఆనితే చాలు, ఆ జీవం మేసినదంతా, వండబోయే కూర రుచితో సహా ఆమె నాలుక మీదికి వచ్చేది. చేపనూనె తాగించిన గొర్రెను అలాగే పట్టేసేది. ఆమె సరేనంటేనే అలీ సాహెబ్ కత్తి తీసేవాడు.

ఈ పొట్టేలు మాత్రం కోడలు జయకుమారిది. ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి నిలిస్తే చర్చిలో కోత పండుగ విందుకు లోపం లేని పొట్టేలును ఇస్తానని మొక్కుకుంది. ఇప్పుడు ఆరో నెల. దానికి అవిశాకు, తవుడు, వేరుశనగ చెక్క తనే పెట్టేది. మొక్కుకున్నదాన్ని రుచి చూడకూడదంటూ అత్తను దగ్గరికి రానిచ్చేది కాదు.

“నీ కోడలికంటే ఇదే నిండుగా ఉందక్కా,” అని అలీ సాహెబ్ నవ్వాడు.

ఎలీసమ్మ నవ్వలేదు. కోడలి పెదాలు పాలిపోవటం ఆమె చూస్తూనే ఉంది. తాడు పట్టుకుని అడ్డంగా నిలబడ్డ జయకుమారిని మెల్లగా పక్కకు జరిపి, చెయ్యి ఆనించింది.

అవిశాకు పసరు తగిలింది, చెక్క కమ్మదనం తగిలింది. మెత్తని, ముదురెరుపు కండ. అంతలో తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టయింది. కొడుకు ఏసోబు కడుపులో ఉన్నప్పుడు రక్తం పట్టటానికి తను మింగిన బిళ్లల రుచి అది.

“నర్సమ్మ నీకిచ్చిన ఎర్ర బిళ్లలు ఎవరు మింగుతున్నారమ్మాయ్?”

జయకుమారి తల వంచుకుంది. పాలు మాన్పించినప్పుడు పొట్టేలు పిల్ల చిక్కిపోయిందనీ, బెల్లంలో పెట్టి ఒక బిళ్ల తినిపిస్తే పుంజుకుందనీ, ఇక ఆపటానికి చెయ్యి రాలేదనీ చెప్పింది.

“నేను చిక్కినా పర్లేదత్తా. దేవుడికిచ్చేది చిక్కకూడదు.”

ఎలీసమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. మొక్కులో ముక్క తగ్గించటం ఆ ఇంట ఎన్నడూ లేదు. పొద్దు వాలుతున్నా మిరపకాయలు ఎత్తలేదు. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచి, “పొద్దున్నే రా, సాయిబూ,” అంది.

మర్నాడు చర్చి గంట కొట్టకముందే పొట్టేలును కోశారు. ఎలీసమ్మ కార్జం వేరుగా తీయించి, ఉప్పూ మిరియాలూ వేసి వేయించింది. కోడలిని పీట మీద కూర్చోబెట్టింది. మొక్కుది తిననంటూ జయకుమారి మూతి బిగించింది.

“నీ రక్తం నీకే తిరిగిస్తున్నాను. దేవుడికి నేను చెప్పుకుంటాను,” అని ఎలీసమ్మ ముద్ద కలిపి నోటికందించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవనివ్వలేదు. ఆ తర్వాతే ఏసోబు, మిగిలిన మాంసం తట్టకెత్తుకుని చర్చి దారి పట్టాడు.