పంటికింద దారం

జారింది, అనుమానమే లేదు, పొద్దున అద్దం ముందు రోజూలాగే దారం ముందుపళ్ళ మధ్య పెట్టి లాగితే తెగకుండా జర్రున జారిపోయింది, అంటే సరిచేసిన దవడ మళ్ళీ పాత చోటికి పోతున్నట్టే కదా, ఆపరేషనూ, గుమ్మడికాయలా వాచిన మొహమూ, ఎముకలో రేకులూ మరలూ, వారాల తరబడి స్ట్రాతో తాగిన ఆ చప్పిడి నీళ్ళూ, అంతా బూడిదలో పోసిన పన్నీరేనా అనుకుంటూ ఆమె డాక్టరమ్మ గది బయట కుర్చీ అంచున కూర్చుంది, ఎందుకే అలా పళ్ళు నూరుతావు అంటోంది పక్కనున్న అక్క, అయినా నూరుకోవే, ఇదివరకు ముందుపళ్ళు నూరదామన్నా కలిసేవా.

నిజమే, వెనక పళ్ళు కరుచుకున్నా ముందు చిటికెనవేలు పట్టేంత సందుండేది, తను పనిచేసే కుట్టు షాపులో అందరూ దారం నోటితో టుక్కున తెంపేవాళ్ళు, తనొక్కతే చిన్న పోగుకి కూడా కత్తెర కోసం బట్టల కుప్పలన్నీ తిరగేసేది, కత్తెరమ్మ అని పేరు పెట్టేశారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తనూ నవ్వేది, లోపల ఎంత కుమిలిపోయేదో అక్కకి తప్ప ఎవరికి తెలుసు, ఇప్పుడు మళ్ళీ ఆ సందేనా, దేవుడా, లోపలికి పిలుస్తున్నారు.

పాత ఎక్స్‌రే మీద కొత్తది పెట్టి డాక్టరమ్మ మెల్లగా జరుపుతోంది, చారల బట్ట కుట్టేటప్పుడు గీతకి గీత కలిసినట్టు అంచుకి అంచు కలిసింది, వెంట్రుకవాసి కూడా కదల్లేదమ్మా, ఎముక గట్టిగా అతుక్కుంది, మరి దారం ఎందుకు జారిందండీ, ఏదీ ఆ దారం, సంచిలోంచి రీలు తీసిందో లేదో అక్క లాక్కుని వేళ్ళతో నలిపి, ఓసి పిచ్చిమొహమా, ఇది నైలాను దారమే, కోటు గుండీలకని నిన్న నేను తెచ్చింది, నా పళ్ళకే తెగదు, అయ్యో, పొద్దున హడావిడిలో ఏ రీలు చేతికందిందో చూసుకుంటేగా!

తన చొక్కా అంచున వేలాడుతున్న నూలు పోగు కనపడింది, ఎవరినీ అడగలేదు, పళ్ళ మధ్య పెట్టింది, టుక్, ఎంత చిన్న చప్పుడు, ఇవాళ్టికి చూడనట్టే ఊరుకుంటాను, రోజూ మాత్రం తెంపకు సుమా అంటోంది డాక్టరమ్మ, అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది, ఆమె కూడా నవ్వుతోంది, అలవాటుగా లేచిన చెయ్యి సగంలో ఆగి ఒళ్ళోకి వాలింది, పెదవి మీద తెగిన పోగు ఇంకా అంటుకునే ఉంది, ఇక రేపు పొద్దున అద్దం ముందు నిలబడక్కర్లేదు, ఈ దవడ తనది, ఎక్కడికీ పోదు.